పల్లపు నేలలోని కోటలు

శీతకాలపు సెలవులు సమీపింపగనే మన కళాశాల వరండాలలో విహారయాత్రల ప్రసంగము మొదలగుట పరిపాటి. ఒకరు ఆగ్రా యందురు, ఒకరు జయపూరు యందురు, మరికొందరు మైసూరు, ఊటీ యందురు. ఆ స్థలములు చూడదగినవి కావని చెప్పుట నా యుద్దేశము గాదు. కాని జయపూరు కోటల కొలతలను కంఠస్థము చేసిన విద్యార్థికి, తానున్న అనకాపల్లి నుండి ఉదయము రైలెక్కి సాయంకాలమునకు తిరిగి రాగల దూరములో ఎన్ని కోటలున్నవో, అవి ఏ స్థితిలో నున్నవో తెలియకుండుట మాత్రము విచారింపదగిన విషయము. బొబ్బిలి యుద్ధమును బుర్రకథలో విననివారు మన ప్రాంతమున అరుదు. 1964లో వచ్చిన చలనచిత్రమును ఇప్పటికిని చూచువారున్నారు. వారిలో బొబ్బిలి నేలపై కాలు మోపినవారెందరు?

కోట యనగనే మనకు కొండ గుర్తునకు వచ్చును. గోలకొండ, కొండపల్లి, కొండవీడు అట్టివి. మన ఉత్తర సర్కారు మైదానములోని కోటల తీరు వేరు. ఇచ్చట బలము ఎత్తులో లేదు. కందకములోను, మందమైన మట్టిగోడలోను, చుట్టును దట్టముగా పెంచిన వెదురుపొదలలోను, ముళ్లకంపలలోను ఉండెడిది. బల్లెములతోను, నాటు తుపాకులతోను వచ్చు శత్రువునకు ఈ రక్షణ చాలును. ఫిరంగులకు చాలదు. కొండపైకి ఫిరంగి నెక్కించుట కష్టము గాని, చదునైన పొలములో దానిని గోడకెదురుగా నిలుపుట కేమి కష్టము? 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలిలో జరిగినది ఇదే. పుస్తకములో చదివినప్పుడు ఈ సంగతి నా మనస్సున కెక్కలేదు. ఆ నేలపై నిలిచి నలుదిక్కుల చూచినప్పుడు, ఎటు చూచినను అడ్డములేని మైదానమే కనబడగా, వివరణ అక్కరలేకపోయినది.

బొబ్బిలికి పోవువారు ఆనాటి కోటను చూతుమని తలచినచో ఆశాభంగము తప్పదు. ఆ మట్టికోట ఆనాడే నాశనమైనది. ఇప్పుడున్న రాజసౌధములు తరువాతి కాలపువి. యుద్ధభూమిలో 1891లో సంస్థానాధీశులు నిలిపిన స్మారకస్తంభము మాత్రము కలదు. అయినను పోవలెననియే నా అభిప్రాయము. సలాబత్ జంగు 1753లో నాలుగు సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తము చేయుట, వారి సేనాని బుస్సీ పేష్కషు వసూలునకై ఉత్తరమునకు వచ్చుట, విజయనగర ప్రభువగు పెదవిజయరామరాజు బొబ్బిలితో తనకున్న పాతపగను ఆ సేనతో తీర్చుకొనుట, రంగారావు కోటలోనివారు శరణు కోరక నశించుట, పిదప తాండ్ర పాపారాయుడు విజయరామరాజును శిబిరములోనే సంహరించుట: ఇదంతయు మన పాఠ్యపుస్తకములలో ఒక పుటకు మించదు. ఆంగ్లేయ చరిత్రకారుడు ఓర్మే ఈ యుద్ధమును విపులముగా వర్ణించెను. వేల మైళ్ల దూరపువాడు వ్రాసినదానిని మన గ్రంథాలయములో తెరచి చూచువారు లేరు.

బొబ్బిలి పేరునుగూర్చి ఒక మాట. మన పత్రికలో ఉర్దూ పుటలును తెలుగు పుటలును ఒకే అట్టలో కుట్టబడుచున్నవి గనుక ఇది ఇచ్చట చెప్పదగినది. పదునేడవ శతాబ్దిలో గోలకొండ సుల్తానుల పక్షమున శ్రీకాకుళములో ఫౌజుదారుగా నుండిన షేర్ మహమ్మదు ఖానుతో వచ్చిన వెలమ వీరుడు పెదరాయుడు, తాను కట్టిన ఊరికి ఆ ఖానుపై గౌరవముతో పేరు పెట్టెనని సంస్థాన చరిత్ర చెప్పుచున్నది. షేర్ అనగా నేమో ఉర్దూ తరగతి విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. దానిని తెలుగు చేసిన పెద్దపులి, బెబ్బులియై, బొబ్బిలి యైనదట. ఆ షేర్ మహమ్మదు ఖాను 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళములో నేటికిని నిలిచియున్నది. ఒక ఫారసీ పేరు తెలుగు వేషము ధరించి తెలుగు పౌరుషమునకు గుర్తుగా మారుట మనకు తెలియకపోయినచో, మన రెండు భాషలను ఒకే అట్టలో కుట్టుట వట్టి కుట్టుపనియే యగును.

ఆ మాటకు వచ్చినచో ఏ కోటలో నడచినను అడుగడుగున ఇదే సంగతి. గోడమూల నున్నది బురుజు, గుమ్మముపై నున్నది నగారాఖానా, లోపల దివాణము, పక్కన కచేరి, ఠాణా, రాణివాసమునకు మహలు. కోట మనది. తక్కినవి అటు నుండి వచ్చినవి. వచ్చి మూడువందల యేండ్లు దాటినది గనుక అవియును మనవే. మనకు సమీపమున నున్న కశింకోట పేరు ఉచ్చరించునప్పుడు అందులో రెండు భాషలు కలిసియున్నట్లు తోచునా?

విజయనగరము కోట సంగతి వేరు. అది రాతికోట, నిలిచియున్నది. విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమైన మంగళవారమున, విజయరామరాజు పేర, విజయనగరమను పేరుతో 1713లో శంకుస్థాపన జరిగినదని అచ్చటివారు అయిదు విజయములను లెక్కించి చెప్పుదురు. ఇన్ని విజయములు కూడినను, ఆ వంశమువారే యగు చినవిజయరామరాజు కుంపినీవారి బాకీల తగవులో 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద కూలిపోయెను. పెట్టిన ముహూర్తము కంటె కట్టవలసిన కిస్తు బలవత్తరమైనదని ఆ దారిలో పోవునప్పుడెల్ల నాకు తోచును. 1958లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు మాన్సాసు సంస్థను స్థాపించిన పిదప కోట ఆ సంస్థ అధీనమున విద్యకు వినియోగపడినది. పూర్వము అనుమతి లేనిదే అడుగు పెట్టరాని కోటలో నేడు సామాన్యుల బిడ్డలు చదువుకొనుచున్నారు. జయపూరులో టిక్కెట్టు కొని చూచు అద్దాల మేడకంటె ఈ దృశ్యము మన విద్యార్థులకు దగ్గరిది కాదా?

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. మొన్న మా అధ్యాపకుల గదిలోనే వచ్చినది. ఈ కోటలు రైతుల రక్తమాంసములతో కట్టినవి. వానిని చూచి మురియుట యేల యని. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. 1802 నాటి శాశ్వత పరిష్కారము పిమ్మట జమీందారు కుంపినీకి కట్టవలసిన పేష్కషు నిర్ణయమైనది గాని రైతు జమీందారునకు కట్టవలసినది అట్లు స్థిరపడలేదు. మేడలు లేచినది ఆ తేడాలోనుండియే. అందుచేతనే పోయి చూడవలెనని నేననుచున్నాను. చూచుట యనగా సలాము చేయుట గాదు. దర్బారు హాలులోని దీపములను చూచినంతసేపును కచేరి అరుగును గూడ చూడవలెను; పన్ను కట్టలేనివాడు ఏ వాకిట నిలిచెనో అడిగి తెలిసికొనవలెను. మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బొబ్బిలి రాజావారిని వారి బొబ్బిలిలోనే 1937 ఎన్నికలలో వి.వి. గిరిగారు ఓడించిరి. 1948 చట్టము జమీందారీలనే రద్దు చేసినది. ఫిరంగులు మట్టిగోడను కూల్చిన ఊరిలోనే ఓటు ఏమి చేసినదో చూపగల చోటు విద్యార్థులకు ఇంతకంటె మంచిది వేరొకటి దొరకునా?

ఆలస్యమునకు మాత్రము తావు లేదు. విజయనగరములో తరతరముల గుర్తుగా నిలిచిన మూడు లాంతర్ల స్తంభమును 2020 మే నెలలో అభివృద్ధి పేర పడగొట్టినప్పుడు ఊరంతయు గగ్గోలు పెట్టినది. గగ్గోలు పుట్టినది స్తంభము నేలకూలిన తరువాతనే. అది నడిబజారులోనిది గనుక అంతమాత్రమైనను వినబడినది. పల్లెలలోని చిన్న దివాణముల తలుపులు, టేకు స్తంభములు ఊడదీసి అమ్మినచో అడుగు నాథుడెవడు? రాష్ట్రమున 1960 నుండి పురావస్తు సంరక్షణ చట్టమున్నను, అది ప్రకటితమైన కట్టడములనే కాపాడును. సొంత ఆస్తులుగా నున్న లోగిళ్లలో పెక్కు దాని నీడకు రావు. ఇంగ్లండులో 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్టు, 1937 నాటి చట్టము పిమ్మట పల్లెటూరి ప్రభువుల భవనములను స్వీకరించి, ఆ కుటుంబములను అందులోనే ఉండనిచ్చి, ప్రజలకు చూపుచున్నది. ఫ్రాన్సులో 1984 నుండి ఏటేట నిర్ణీత దినములలో మామూలుగా మూసియుండు భవనములను గూడ ప్రజలకై తెరచుచున్నారు. అంత ఏర్పాటు మన చేతిలో లేదు. ఒక ఉత్తరము వ్రాయుట మాత్రము మన చేతిలోనే యున్నది.

కళాశాల పాలకవర్గమువారికి నా విజ్ఞప్తి ఇది. దూరయాత్రకు పోగలవారెవరు? డబ్బున్నవారు, రాత్రులు బయట నుండుటకు ఇంట అనుమతి దొరకినవారు. తరగతిలో సగము మంది, అందును ఆడపిల్లలలో ఎక్కువమంది, పేరు ఇయ్యకయే మానుచున్నారు. తల్లిదండ్రుల భయమును నేను తప్పుపట్టను. ఉదయము పోయి మగ్రిబ్ వేళకు ఇల్లు చేరు యాత్ర యైనచో వారును కాదనరు. విజయనగరము మన రైలుమార్గముననే యున్నది. బొబ్బిలి అచ్చటినుండి రాయపూరు మార్గమున నున్నది. దూరయాత్రకు కేటాయించు సొమ్ములో కొంత భాగముతో మొత్తము తరగతిని రెండుసార్లు తీసికొనిపోవచ్చును.

పోవుటకు ముందు యజమానులకును, సంస్థలవారికిని ప్రిన్సిపాలుగారి సంతకముతో ఉత్తరము పంపవలెను. ఉర్దూ శాఖవారు తోడు రావలెను. శాసనమో, సనదో కనబడినచో దానిని చదువగలవారు వారే. తెలుగు శాఖవారు ఊరి ముసలివారి మాటలు వ్రాసికొనవలెను. గణితము చదువువారు టేపు పట్టి గోడ మందము, ఎత్తు కొలువవలెను. ఫోటోలు అందరి చేతిలోని ఫోనులే తీయును. అట్లు సేకరించినదానిని వచ్చే సంవత్సరపు సంచికలో రెండు భాషలలోను అచ్చువేయవచ్చును. మొదటి యాత్ర కశింకోటకు పెట్టుకొనుడు. దానికి రైలు కూడ నక్కరలేదు. సంక్రాంతి సెలవులకు ముందు వచ్చు ఆదివారమైనచో పొలములలో కోత ముగిసియుండును, నడచుట సులభము.