ఆమె పాప కాదు

నలభై ఏళ్ల స్త్రీని చూపించి 'మా పాప రంగులు బాగా వేస్తుంది' అంటారు. మేధో వైకల్యం ఉన్న స్త్రీల గురించి కుటుంబాలూ, సంస్థలూ, చివరికి మనమూ మాట్లాడే తీరు ఇదే. అచ్చు వేసిన సీతాకోకచిలుక బొమ్మ చేతికిస్తాం. గీత దాటకుండా రంగు నింపితే చప్పట్లు కొడతాం. దాటితే చెయ్యి పట్టుకుని సరిదిద్దుతాం. ఆపైన ప్రమిదలు, కాగితం కవర్లు, గ్రీటింగు కార్డులు, దీపావళికి ఒక అమ్మకం బల్ల. కొనేవాళ్లు వస్తువు నచ్చి కాదు, జాలిపడి కొంటారు. దీనికి మనం పెట్టిన పేరు 'ఆర్ట్ వర్క్‌షాప్'.

గీత దాటకూడదన్న పాఠం ఆడవాళ్లకి కొత్తదా? మనం తిరగబడ్డ పాఠాన్నే వీళ్లకి నేర్పుతున్నాం.

జుడిత్ స్కాట్ జీవితం చూడండి. 1943లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కవలల్లో ఒకరుగా పుట్టింది. డౌన్ సిండ్రోమ్ ఉంది. చెవుడు కూడా ఉంది కానీ దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ గుర్తించలేదు. పలకదు కాబట్టి ఆమెకు చదువు చెప్పడం దండగని తేల్చారు. ఏడేళ్లకే ఒక సంస్థలో వదిలేశారు. మూడున్నర దశాబ్దాలు అలాంటి గోడల మధ్యే గడిచాయి. 1980ల మధ్యలో కవల సోదరి జాయిస్ సంరక్షణ బాధ్యత తీసుకుని కాలిఫోర్నియాకి తెచ్చుకుంది. 1987లో ఓక్లండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రంలో చేర్చింది. వికలాంగులైన వయోజనుల కోసం 1974లో మొదలైన కేంద్రం అది.

దాదాపు రెండేళ్లు జుడిత్‌కి దేనిమీదా ఆసక్తి కలగలేదు. మన దగ్గరయితే మూడో నెలలోనే 'ఈమెకు రాదు' అని రాసి ఇంటికి పంపేవాళ్లం. వాళ్లు పంపలేదు. సిల్వియా సెవెంటీ అనే కళాకారిణి దారాలతో నడిపిన తరగతిలో జుడిత్ కూర్చుంది. చూపించినట్టు చెయ్యలేదు. దొరికిన వస్తువులు పోగేసి వాటి చుట్టూ నూలు చుట్టడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. 2005లో చనిపోయేనాటికి సుమారు రెండు వందల శిల్పాలు చేసింది. 2014లో న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలోని స్త్రీవాద కళాకేంద్రం వాటిని ప్రదర్శించింది. సంస్థలో ఉన్నదీ ఈ మనిషే. మారినవి గది, సామాను, సమయం, సరిదిద్దని మనుషులు.

ఇది ఒక్కరి అదృష్టం కాదు. లండన్‌లో యాక్షన్ స్పేస్ అనే సంస్థ తోడ్పాటుతో 1999 నుంచి పని చేస్తున్న నెనా కాలూ 2025లో టర్నర్ బహుమతి గెలుచుకుంది. మేధో వైకల్యం ఉన్న కళాకారిణికి ఆ బహుమతి రావడం అదే మొదలు. దాని వెనక పాతికేళ్ల ఓపిక ఉంది. మూడు రోజుల వర్క్‌షాప్, ముగింపునాడు ముఖ్య అతిథి, ఫొటో — ఇవి కావు.

'తిండికే దిక్కులేదు, బొమ్మలెందుకు?' అంటారు. తిండి కావాలి, పింఛను కావాలి. అవి ఇచ్చామని మిగతా మనిషిని మూసేయమని ఎవరన్నారు? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ వికలాంగ కళాకారులకు వసతులు, తోడ్పాటు కల్పించాలని ప్రభుత్వాలకు చెబుతోంది. అది దయ కాదు, చట్టం.

మన సంగతీ చెప్పుకోవాలి. 1994లో పుణెలో, శిరూరు ప్రభుత్వ గృహంలోని మేధో వైకల్యం ఉన్న స్త్రీలకు గర్భసంచులు తీసేస్తే మహిళా సంఘాలు గట్టిగా ఎదిరించాయి. వాళ్ల శరీరాల మీద హక్కు వాళ్లదే అన్నాం. మరి ఆ చేతులు ఏం చెయ్యాలనుకుంటున్నాయో ఎప్పుడైనా అడిగామా? తల్లుల చాకిరీ గురించి రాశాం, రాయాల్సిందే. కానీ కూతుర్ని ఆ చాకిరీకి కారణంగా మాత్రమే చూశాం.

అందుకే మనం నడిపే కేంద్రాల నుంచే మొదలుపెడదాం. అచ్చు బొమ్మలు పక్కన పెట్టండి. కళ తెలిసినవాళ్లని జీతమిచ్చి పెట్టండి. వాళ్లు సామాను అందించాలి, చెయ్యి పట్టుకోకూడదు. గది వారం వారం, ఏళ్ల తరబడి తెరిచి ఉండాలి. పని కింద సంస్థ పేరు కాదు, చేసినామె పేరు ఉండాలి. అమ్మితే డబ్బు ఆమె ఖాతాలో పడాలి. అమ్మనంటే ఆ మాటా చెల్లాలి. వెయ్యను పొమ్మంటే అదీ ఆమె హక్కే.

ముందుగా, 'పాప' అనడం మానేద్దాం. ఆమెకి ఒక పేరుంది.