‘ఎండ్’ నొక్కితే కమీషన్ ఎగిరిపోయింది

గ్లోబల్ వేరియబుల్ ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉంటుందని సి ల్యాబ్‌లో నేర్చుకున్నాం. అదే నమ్మకంతో ఎక్సెల్ మాక్రో రాస్తే మాత్రం కొంప మునుగుతుంది. అక్కడ ఎక్సెల్ తెరిచే ఉంటుంది, ఫైలూ తెరిచే ఉంటుంది, వేరియబుల్‌లో విలువ మాత్రం ఉండదు.

మా పెదకూరపాడులో ఒక మిర్చి కొట్టుంది. ఎవరో స్టూడెంట్ చేత రాయించుకున్న మాక్రోతో బిల్లులు తీస్తారు. రేటు సరుకుని బట్టి మారుతుంది కాబట్టి బిల్లులోనే కొడతారు. కమీషన్ శాతం, టిక్కీకి తరుగు ఎంత అన్నవి మాత్రం పొద్దున ఫైలు తెరవగానే గ్లోబల్ వేరియబుల్స్‌లోకి ఎక్కుతాయి. ఒకరోజు గుమస్తా బరువు గడిలో 42 బదులు ‘42 కేజీలు’ అని కొట్టాడు. ‘టైప్ మిస్‌మ్యాచ్’ అని ఎర్రర్ బాక్స్ వచ్చింది. డీబగ్, ఎండ్ అని బటన్లు. కాటా దగ్గర రైతులు నిలబడి ఉంటే డీబగ్ ఎవడు నొక్కుతాడు? ఎండ్ నొక్కి, బరువు సరిచేసి, మళ్లీ బిల్లు తీశాడు.

బిల్లు చక్కగా వచ్చింది. కమీషన్ సున్నా, తరుగు సున్నా. ఆ తర్వాత తీసినవన్నీ అంతే. రేటు సున్నా పడుంటే మొదటి రైతే గొడవ పెట్టేవాడు. కోత తగ్గితే ఎవరడుగుతారు? సాయంత్రం లెక్క తేలక, డబ్బు తీసుకెళ్లిన రైతులకు ఫోన్లు వెళ్లాయి. ‘బిల్లు ఇచ్చింది మీరేగా’ అన్నారు వాళ్లు. నన్నడిగితే వాళ్ల మాటే న్యాయం. తిట్లు మాత్రం గుమస్తా తిన్నాడు. అసలు తప్పు మాక్రో రాసినవాడిది.

ఎండ్ నొక్కగానే వీబీఏ ప్రాజెక్ట్ మొత్తం రీసెట్ అవుతుంది. అంకెలు సున్నాలవుతాయి, స్ట్రింగులు ఖాళీ అవుతాయి, ఆబ్జెక్టులు ‘నథింగ్’ అవుతాయి. స్టాటిక్ వేరియబుల్స్‌కీ ఇదే గతి. కోడ్‌లో ‘ఎండ్’ అని ఒంటరిగా రాసినా అంతే, అందుకే అక్కడ ‘ఎగ్జిట్ సబ్’ రాయాలి. పైగా ఫైలు తెరిచినప్పుడు నడిచే కోడ్ మళ్లీ నడవదు, ఎందుకంటే ఫైలు మూసిందెప్పుడు? ఇంకో విడ్డూరం, ప్రాజెక్ట్‌ని పాస్‌వర్డ్‌తో లాక్ చేస్తే డీబగ్ బటన్ పనిచేయదు. ఎండ్ ఒక్కటే దిక్కు.

‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ పెట్టేస్తే పోలా అంటారు మనవాళ్లు. పోదు. బాక్స్ రాదు, తప్పు లెక్క మాత్రం వస్తుంది. అది ఇంకా ప్రమాదం.

శాతాలు, తరుగులు ఒక సెట్టింగ్స్ షీట్ గడుల్లో ఉండాలి. కావాలంటే ఆ షీట్ దాచేయండి. మాక్రో ప్రతి బిల్లుకీ అక్కడినుంచే చదవాలి. గడి ఖాళీగా ఉంటే బిల్లు తీయనని మొండికేయాలి. స్పీడ్ కోసం గ్లోబల్స్ వాడక తప్పదంటే, ‘లోడ్ అయిందా’ అని ఒక బూలియన్ పక్కన పెట్టుకోండి. రీసెట్‌లో అదీ ‘ఫాల్స్’ అయిపోతుంది. అంటే విలువలు పోయిన సంగతి అదే చెప్తుంది, వెంటనే షీట్‌నుంచి మళ్లీ లోడ్ చేసుకోవచ్చు. గూగుల్ షీట్స్ ఈ విషయంలో కాస్త నయం. అక్కడ స్క్రిప్ట్ నడిచిన ప్రతిసారీ గ్లోబల్స్ కొత్తగా మొదలవుతాయి, కాబట్టి మొదటిరోజే తెలిసిపోతుంది.

ఈ సెలవుల్లో ఊళ్లో ఎవరికైనా మాక్రో రాసిస్తున్నారా? ఇచ్చేముందు ఎడిటర్‌లో రీసెట్ బటన్ నొక్కి, వెంటనే ఒక బిల్లు తీసి చూడండి.