పెరటి జింక యెవరి సొత్తు?

పెరటిలోనికి వచ్చిన జింకను పెరటి యజమాని చంపవచ్చునా? మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో వేసవి ముదిరి చెరువు లెండినపుడెల్ల ఈ ప్రశ్న వినవచ్చుచునే యున్నది. అడవిలో నీరు తగ్గినకొలది దుప్పులు పొలములకు దిగును. పొలములనుండి యూరి కొసనున్న యిండ్ల దొడ్లలోనికి వచ్చును. వచ్చినదానిని జూచి యొకడు, "గోడ నాది, నేల నాది, నా నేలపై నిలిచిన జింకయు నాదే" యని కత్తి నూరును. వేరొకడు, "నా పైరు మేసినదానిని కొట్టిన దోషమేమి?" యని యడుగును. ఈ రెండును ఒకే వాదము కావు. మొదటిది దురాశ, రెండవది బాధ. రెంటిని గలిపి మాటలాడువారు తమ దురాశకు రైతు బాధను ముసుగుగా గప్పుచున్నారు. కావున రెంటిని వేరుచేసి సమాధానము చెప్పదలచితిమి.

మొదటివానికి శాసనమే సమాధానము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము తన 9వ సెక్షనులో, పట్టికలయందు జేర్చిన యే వన్యమృగమును ఎవ్వడును వేటాడరాదని నిషేధించినది. అడవిలో నొక న్యాయము, సొంత పెరటిలో నొక న్యాయము అను భేదము అందు లేదు. వేట యనగా తుపాకి పేల్చుటయే యని తలంచువారు 2వ సెక్షనులోని నిర్వచనమును చదువవలెను. చంపుట, విషము పెట్టుట, పట్టుట, ఉచ్చు పన్నుట, ఎర చూపుట, ఆ పనులకై తరుముట, తుదకు వానికై యత్నించుట: ఇవి యన్నియు వేటయే. పెరటి తలుపు మూసి, కుక్కల నుసికొలిపి, త్రాళ్లతో కట్టినవాడు తాను తుపాకి ముట్టలేదని చెప్పి తప్పించుకొనజాలడు. చంపినను, పొరబాటున చచ్చినను, చచ్చిపడి దొరకినను ఆ మృగము 39వ సెక్షను ననుసరించి రాష్ట్రప్రభుత్వపు సొత్తు. అది చేజిక్కినవాడు 48 గంటలలోపల పోలీసు ఠాణాకుగాని, అధికారము గల యుద్యోగికిగాని తెలుపవలెను, అడిగినపుడు అప్పగింపవలెను. అతని కూరకుండకు అందు భాగము లేదు.

శిక్షలును స్వల్పములు కావు. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము, రెండవ పట్టికలోని చుక్కలదుప్పిని చంపినవానికి మూడేండ్లవరకు ఖైదుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మొదటి పట్టికలోని కృష్ణజింకను చంపినవానికిని, అభయారణ్యములో వేటాడినవానికిని ఖైదు మూడేండ్లకు తగ్గరాదు, ఏడేండ్లవరకు పోవచ్చును. జరిమానా 25,000 రూపాయలకు తగ్గరాదు. కృష్ణజింక మన రాష్ట్రమృగము. పలమనేరు, కుప్పము వైపు అడవులు 1990లో కౌండిన్య అభయారణ్యముగా ప్రకటింపబడినవి. ఈ సీమవారికి ఈ సెక్షనులు దూరదేశపు కథలు కావు.

మరి సొంత నేలపై చంపవచ్చునను నమ్మక మెక్కడిది? దానికొక మూల మున్నది. ఆంగ్లప్రభుత్వము 1912లో చేసిన పక్షిమృగ రక్షణ చట్టము జింకల వేటకు నిషిద్ధకాలము నిర్ణయించు నధికారము నిచ్చుచునే, ఆస్తిని కాపాడుకొనుటకై సద్బుద్ధితో చంపినవానికి ఆ చట్టము వర్తింపదని చెప్పినది. 1972వ సంవత్సరపు చట్టములో, తననుగాని యితరునిగాని కాపాడుటకై సద్బుద్ధితో చంపుట నేరము కాదని మాత్రమే యున్నది. ఆస్తి యను మాట ఆ మినహాయింపులో లేదు. తాతలనాటి మినహాయింపు మనుమల నోళ్లలో నేటికిని తిరుగుచున్నది. చట్టమునుండి మాత్రము అది యేనాడో తొలగిపోయినది.

ఇంతకంటె లోతైన కారణ మొకటి గలదు. నాటి వేట దొరల వినోదము. తెల్లదొరయు, అతని దయను గోరిన జమీందారును అడవియంచున గుడారములు వేయించిరి. పల్లెజనముచేత డప్పులు గొట్టించి మృగములను తోలించిరి. చంపినవాని తలలను గోడలకు తగిలించి గొప్పలు చెప్పుకొనిరి. డప్పు గొట్టినవాడు కడుపునకై ఉచ్చు పన్నినచో నది దొంగతనము. దొర పొద్దుపుచ్చుటకై తుపాకి పేల్చినచో నది మర్యాద. జమీందారీ లెట్టివో పుంగనూరువారికి మేము వేరుగ చెప్పబనిలేదు.

స్వరాజ్యము వచ్చినది, జమీనులు పోయినవి. 1972వ సంవత్సరపు చట్టమును పరాయివాడు మన నెత్తిన రుద్దలేదు. అట్టి చట్టమును పార్లమెంటు చేయవలెనని తీర్మానించిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1976లో రాజ్యాంగమునకు జేర్చిన అధికరణములలో ఒకటి అడవులను, వన్యప్రాణులను కాపాడుట ప్రభుత్వమునకు కర్తవ్యమనియు, మరియొకటి ప్రాణులయెడ దయ గలిగియుండుట ప్రతి పౌరునకు విధియనియు చెప్పుచున్నవి. దొర చేతినుండి లాగివేసిన హక్కును నేడు తన పెరటిగోడ నడుమ తానే యనుభవింపగోరువాడు ఎవ్వడు? చిన్నదొర. దొరతనము పోయినను దొరబుద్ధి పోలేదనుటకు వేరు సాక్ష్యమేల?

కొందరు సంప్రదాయమును సాక్షిగా బిలుతురు. "శ్రీకాళహస్తీశ్వరునకు మాంసము నైవేద్యము పెట్టిన తిన్నడు వేటగాడు కాడా? ఈ సీమలో వేట తప్పెట్లగును?" అందురు. తిన్నడు వేటగాడే. కాని లోకము అతనిని కన్నప్ప యని కొలుచుట అతడు చంపిన మృగములను లెక్కించి గాదు. ఎదుటివాని కంట నెత్తురు జూచి తన కన్ను పెకలించి యిచ్చినందుకు. ఎదుటి ప్రాణి నెత్తురు గారుచుండ వాటాలు పంచుకొనువారు అతని పేరెత్త తగరు. మదనపల్లె చెంతనున్న హార్స్‌లీ కొండకు ప్రజలు పెట్టుకొన్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన పిల్ల కథ ఆ పేరులో నున్నది. సంప్రదాయమే కావలెనన్న ఇదియు సంప్రదాయమే. పుంగనూరు పొట్టియావు సంగతి తలచుకొనుడు. ఇంటింట నున్నన్నాళ్లు దానిని లెక్కచేయమైతిమి. అరుదైన పిమ్మట వెలగట్టి వెదకుకొనుచున్నాము. ఆవును తిరిగి పెంచుకొనవచ్చును. తుడిచిపెట్టుకొనిపోయిన అడవిమందను ఏ సంతలో కొనితెత్తుము?

ఇక రెండవవాని మాట. పైరు పోయిన రైతునకు నీతులు చెప్పుట సులభము. వేరుసెనగయు, టమాటాయు అప్పు చేసి వేసినవానికి ఒక రాత్రి మంద దిగినచో ఏడాది కష్టము పోవును. అతని బాధకు చట్టము చెవియొగ్గకపోలేదు. రెండవ పట్టికలోని మృగము ప్రాణమునకుగాని, నిలువుపైరుతో సహా ఆస్తికిగాని ప్రమాదకరమైనపుడు, కారణములు వ్రాసి, వ్రాతమూలకముగా దానిని వేటాడుట కనుమతినిచ్చు నధికారము 11వ సెక్షను ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికిని, అతని యధికారము పొందినవారికిని ఇచ్చినది. అనగా నిర్ణయము రాత్రివేళ ఉచ్చు పన్నువానిది గాదు. పగటివేళ సంతకము చేసి జవాబుదారి వహించువానిది. కొందరు రైతులు దొంగచాటుగ పొలము చుట్టు విద్యుత్తీగ గట్టుచున్నారు. ఆ తీగకు జింకయు తెలియదు, ఏనుగును తెలియదు, నీరు గట్టుటకు వచ్చిన పొరుగువాని కొడుకును తెలియదు. పైరు కాపాడుటకు కట్టిన తీగ మనుష్యహత్యకు దారితీసినపుడు ఏ పంట ఆ నష్టమును పూడ్చును?

అయినను మేము ప్రభుత్వమును విడిచిపెట్టజాలము. చచ్చిన మృగము నాదని చెప్పు ప్రభుత్వము, బ్రతికియుండగా అది మేసిన పైరు నాది గాదని మొగము ద్రిప్పుకొనరాదు. సొత్తుపై హక్కు గలవానికి దాని తప్పులపై బాధ్యతయు గలదు. 1980వ దశకమునుండి ఈ సీమకు ఏనుగులు వచ్చుచున్నవి; శిక్షణ పొందిన కుంకీ యేనుగులను కర్ణాటకమునుండి రప్పించుట 2025వ సంవత్సరమునగాని జరుగలేదు. నలుబదియేండ్ల యాలస్యమును రైతు తన పొలముతో చెల్లించెను. జింకల విషయమునను అదియే జరుగవలెనా? నష్టపరిహారము పైరు పోయిన కాలములోనే రైతు చేతికందవలెను. వేసవికి ముందే అడవిలోని కుంటలను పూడికదీసి నీరు నింపవలెను. రాత్రి పిలిచినను పలుకునట్టి యుద్యోగి ప్రతి మండలమునకు ఉండవలెను. ఈ మూడును చేయని ప్రభుత్వము శిక్ష మాత్రమే చేయబూనినచో అది సగము న్యాయమే.

పట్టణవాసులకు నొక మాట. పెరటిలోనికి జింక వచ్చినపుడు గుంపు చేరకుడు. కుక్కలను కట్టివేసి, బయటికి దారి విడిచి, అటవీశాఖకు కబురంపుడు. తరిమి పట్టిన జింక గాయము లేకున్నను భయముచేతను, ఆయాసముచేతను కండరములు చెడి చచ్చుట కలదని పశువైద్యులెరుగుదురు. ప్రేమతో పట్టినను, కూరకై పట్టినను దాని ప్రాణమునకు ఫలము ఒక్కటే కావచ్చును.

గోడ భూమికి హద్దు. ఆ గోడ దాటి దప్పికతో వచ్చిన ప్రాణికి అది యమపురి ద్వారము కారాదు. దొరలు వేటాడిన దేశములో పుట్టి, వేటను మానిన దేశముగా దానిని చేసికొంటిమి. ఆ గౌరవమును నాలుగు సేర్ల మాంసమునకు అమ్ముకొనువాడు తన పెరటిని మాత్రమేగాక మనయందరి పేరును మలినపరచుచున్నాడు. అట్టివానిని ఇరుగుపొరుగులు కప్పిపుచ్చరాదు; రైతు నష్టమును ప్రభుత్వము కప్పిపుచ్చరాదు.