బియ్యపు గింజంత ఆనవాలు

ఈ నెల మన మాట ‘ఆనవాలు’. ఒకరిని గుర్తుపట్టడానికి పనికొచ్చే గుర్తును ఆనవాలు అంటాం. మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, దాని భుజాల మధ్య చర్మం కింద అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. అదే మైక్రోచిప్.

అది బియ్యపు గింజంత ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. కుక్క ఎక్కడ తిరుగుతోందో అది చెప్పదు. పశువైద్యుడు స్కానర్ దగ్గర పెడితే 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది, అంతే. మీ పేరు, ఫోన్ నంబరు ఉండేది రిజిస్టరులో. న్యూ సౌత్ వేల్స్‌లో కుక్కకైనా పిల్లికైనా 12 వారాల వయసులోపే చిప్ వేయించాలి. మీ ఫోన్ నంబరు మారినప్పుడు రిజిస్టరులో మార్చకపోతే, తప్పిపోయిన కుక్క దొరికినా మీకు కబురు అందదు.

దక్షిణాఫ్రికా నుంచి కుక్కను ఇక్కడికి తెచ్చుకునే వాళ్లు వరుస తప్పకూడదు. ముందు చిప్, తర్వాత రేబిస్ టీకా, ఆ తర్వాత రక్త పరీక్ష. రక్తం తీసేటప్పుడు చిప్‌ను స్కాన్ చేసి, అదే సంఖ్యను కాగితం మీద రాయాలి. లేకపోతే ఆ రక్తం ఈ కుక్కదేనని రుజువు ఉండదు. రక్తం ల్యాబుకు చేరాక 180 రోజులు ఆగాలి. మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ క్వారంటైన్‌లో కనీసం 10 రోజులు ఉంచుతారు. కుక్క గుర్తింపును అక్కడి ప్రభుత్వ పశువైద్యుడి చేత ముందే రుజువు చేయించకపోతే 30 రోజులు.

సంఖ్య, రిజిస్టరు అంటే మన ఇళ్లలో ఇంకొకటి గుర్తుకొస్తుంది. 1903 నుంచి 1916 వరకు మద్రాసులో ఫిజీ ఓడ ఎక్కిన మన పెద్దలకు ఎమిగ్రేషన్ పాస్ ఉండేది. అందులో సంఖ్య, పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాశారు. మనుషులను సరుకులా లెక్కపెట్టిన కాగితం అది. అయినా ముత్తాత ఊరు వెతికే వాళ్లకు ఈరోజు అదే ఆధారం. గుమాస్తా ఊరి పేరు తప్పు రాస్తే జాడ అక్కడే తెగిపోతుంది.

ఈ వారం రెండు పనులు చేయండి. చిప్ స్కాన్ చేయించి, రిజిస్టరులో మీ వివరాలు సరిచూసుకోండి. ఇంట్లో పెద్దలను అడిగి, పాస్ సంఖ్య తెలిస్తే రాసి పెట్టుకోండి.

ఈ నెల మాటలు
ఆనవాలు: గుర్తుపట్టే గుర్తు.
జాడ: వెళ్లిన దారిని తెలిపే గుర్తు.
కబురు: ఒకరి నుంచి ఒకరికి అందే మాట.

పైకి చదవండి: మా కుక్క తప్పిపోయింది. చిప్ చూసి మాకు కబురు చేశారు.