కన్నీటిబొట్టు బండి

అమెరికాలో కారు వెనుక తగిలించుకొనిపోవు చిన్న పడకబండి యొకటి కలదు. ముందు గుండ్రమై వెనుకకు సన్నగిల్లు ఆకారమును బట్టి దానికి కన్నీటిబొట్టు అని పేరు వచ్చినది. 1930 ప్రాంతమునుండి అచ్చటివారు దీనిని స్వయముగా చేసికొనుచున్నారు. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట బాంబువిమానముల రెక్కల కుద్దేశించిన అల్యూమినియము రేకులు దీనికి పైకప్పయ్యెను; జీపు చక్రములు దీనికి చక్రములయ్యెను.

ఇంత యిరుకైన బండి యేల యని కొందరు నవ్వుదురు. నిజమే, అందు నిలువబడుటకైనను వీలులేదు. కాని ఆ యిరుకే దాని సుగుణము. ప్లైవుడ్డు బల్ల 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండును. బండి కొలతయు తరచుగా అంతియే. కావున అతుకులు తక్కువ, వృథాయు తక్కువ. రెండు ప్రక్కగోడల బల్లలను ఒకదానిపై నొకటి బిగించి ఒక్కమారే కోసినచో వంపులు సరిపోవును. వెనుక తలుపెత్తినచో వంటయిల్లు. వండువాడు ఆరుబయట నిలిచి వండవలెను. వానదినమున అతని పాట్లు చెప్పనలవి కావు.

అయితే అన్ని తప్పులును సమానములు కావు. గోడ వంకర పోయినచో నవ్వి యూరకుండవచ్చును. బరువు ఇరుసునకు వెనుక చేరినచో, వేగముగా పోవు బండి పామువలె ఊగి కారునుగూడ పడద్రోయవచ్చును. మొత్తము బరువులో పదవవంతునకు తగ్గకుండ ముందరి కొక్కెముపై మోపవలెను. ఇరుసును, కొక్కెమును పనితెలిసినవానిచే చేయించుకొనుట చిన్నతనము కాదు. గాలిరంధ్రమును మరచినవాని తప్పు మాత్రము తెల్లవారునప్పటికి అతని యూపిరి తేమయే చెప్పును. అది కప్పునుండి బొట్లుబొట్లుగా అతని ముఖముపై రాలును.