గుడ్డ కప్పిన పెట్టె

బళ్లారి ఎండలను గురించి మనవారికి క్రొత్తగా చెప్పవలసినది లేదు. కన్నడములో ‘సెకె’ అన్నా, మన ఇండ్లలో ‘సెగ’ అన్నా ఉడికేది ఒకటే. ఈ నెల మా ముచ్చట మాత్రము ఇంటింటా ఉన్న వైఫై రౌటరును గురించి.

మధ్యాహ్నము దానిమీద చేయి వేసి, “అయ్యో, ఇంత వేడిగా ఉన్నదే!” అని కంగారుపడేవారు మన సంఘములో చాలమంది ఉన్నారు. చేయి ఆనించగలిగినంత వేడి దోషము కాదు. రాత్రింబవళ్లు మేలుకొని ఉండే యంత్రమది. లోపల ఫ్యాను ఉండదు. త్రాగిన కరెంటు, సుమారు 10 వాట్లు, దాదాపు అంతా వేడిగానే బయటికి రావాలి. ఆ సన్నని చీలికలు అందుకే.

చిక్కు మరొకచోట ఉన్నది. చాల రౌటర్లకు చుట్టూ ఉన్న గాలి 0 నుండి 40 డిగ్రీల లోపల ఉండవలెనని కంపెనీవారే వ్రాసి ఇస్తారు. మన ఊళ్లో మే నెలలో నీడనే 40 దాటే రోజులున్నవి. ఆ పైన మనము చేర్చడానికి ఒక్క డిగ్రీ మిగలలేదు గదా! అయినా దానిని అటక మీద పెడతాము. వేడిగాలి చేరేది అక్కడికే. లేకుంటే టీవీ బీరువాలో, సెట్‌టాప్ బాక్సు నెత్తిన. పైగా దుమ్ము పడకుండా లేసు గుడ్డ! వెనుకటి రేడియో నాటి అలవాటు కాబోలు. (ఆ గుడ్డ తీయమని ఇల్లాలితో ఎవరు చెప్పాలన్నది వేరే సమస్య.)

వేడి మితిమీరితే రౌటరు మందగిస్తుంది, లేదా ఆగి మళ్లీ మొదలవుతుంది. లోపలి కెపాసిటర్ల ఆయువు 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. సాయంకాలము అమెరికాలోని కొడుకు ముఖము చూడాలని కూర్చున్న ముసలమ్మకు తెరమీది బొమ్మ బిగుసుకొనిపోతుంది. ఇంటివారు కంపెనీని తిట్టి, క్రొత్తది కొని, మళ్లీ అదే బీరువాలో పెడతారు!

గుడ్డ తీసి, గాలి ఆడేచోట గోడకు తగిలించండి. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి, మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డ పనికిరాదు.

నిజముగా భయపడవలసినది అడాప్టరును గురించి. చేయి పెట్టలేనంతగా కాలినా, ఉబ్బినా, మాడు వాసన వచ్చినా వెంటనే స్విచ్చి ఆపండి. బదులు తెచ్చేది అదే వోల్టేజీది కావాలి, ఆంపియర్లు తక్కువ కారాదు. 12 వోల్టులు, 1 ఆంపియరు కోరే రౌటరుకు డ్రాయరులో దొరికిన అర ఆంపియరుది తగిలిస్తే, ముందు ఉడికేది ఆ అడాప్టరే.