తీగ తెగితే గల్లా ఖాళీ

నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసే దుకాణదారుకు 20వ తేదీ గడువు. పన్ను కట్టాల్సి ఉండి దాటితే రోజుకు 50 రూపాయల రుసుము, పైన వడ్డీ. సరిగ్గా ఆ సాయంత్రమే మురుగుకాలువ కోసం జేసీబీ తవ్వి ఇంటర్నెట్ ఫైబర్ తెగ్గొట్టిందనుకోండి. వెంట్రుకంత గాజు పోగులను అతికించే యంత్రం, అది తెలిసిన మనిషి పట్నం నుంచి రావాలి. అప్పటిదాకా రిటర్ను వెళ్లదు; అదే దుకాణంలో వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవడానికొచ్చిన అవ్వ ఉత్తచేతులతో తిరిగెళ్లాల్సిందే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనలు మూడు రోజులు దాటాకే కనెక్షన్ అద్దెలో తగ్గింపు ఇమ్మన్నాయి. మూడు రోజులు! రోజు బేరం మీదే బతికే మనిషికి అది చాలా ఎక్కువ. పరిహారం గంటల లెక్కన మొదలవ్వాలి, తవ్వే ముందు తీగ ఎక్కడుందో అడగని కాంట్రాక్టరే అది కట్టాలి.